మనసుని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే? షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లకి కొంచెం చరిత్ర

ఇవాళ్టి ఎపిసోడ్ షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకుంటున్న స్టూడెంట్స్ కోసం. ఫోన్ కెమెరా ఉంది, నలుగురు ఫ్రెండ్స్ ఉన్నారు, హాస్టల్ రూమ్ ఉంది. కథేమో మనిషి మనసుని కంప్యూటర్‌లోకి అప్‌లోడ్ చేయడం. ఇలా అనుకోగానే చాలామందికి తోచేది ఒకటే సీన్: నీలం లైటు, తలకి వైర్లు, స్క్రీన్ మీద 99 శాతం, 100 శాతం, కట్! కానీ అసలు కథ ఆ 100 శాతం దగ్గరే మొదలవుతుంది. ఎందుకో తెలియాలంటే ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

ముందు మన దగ్గర నుంచే మొదలుపెడదాం. పరకాయ ప్రవేశం కథలు చిన్నప్పుడు అందరం విన్నాం. ఆదిశంకరులు చనిపోయిన అమరుక మహారాజు శరీరంలోకి వెళ్లిన కథ గుర్తుందా? ఆయన అసలు శరీరాన్ని శిష్యులు గుహలో కాపలా కాస్తుంటారు. దాన్ని ఎవరైనా కాల్చేస్తే తిరిగి రావడానికి చోటుండదు. కథలో టెన్షన్ అంతా అక్కడే. ఇక్కడ ఒక విషయం గమనించండి. ప్రాణం ఒక్కటే, ఒక చోటు నుంచి ఇంకో చోటుకి వెళ్తోంది. అంటే ఇది కట్ పేస్ట్. కంప్యూటర్ చేసేది కాపీ పేస్ట్. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు 1929కి వెళ్దాం. జె.డి. బెర్నాల్ అనే బ్రిటిష్ సైంటిస్ట్ ఒక చిన్న పుస్తకంలో, భవిష్యత్తులో మనిషి మెదడు యంత్ర శరీరంలో బతకొచ్చని ఊహించాడు. అప్పటికి ఇవాళ్టిలాంటి కంప్యూటరే లేదు. 1956లో ఆర్థర్ సి. క్లార్క్ తన నవలలో ఒక నగరాన్ని సృష్టించాడు. అక్కడి మనుషులందరూ మెమరీ బ్యాంకుల్లో డేటాగా దాచి ఉంటారు. వేల ఏళ్ల తర్వాత యంత్రం వాళ్లని మళ్లీ బయటికి తెస్తుంది.

ఇక 1988లో హాన్స్ మొరావెక్ అనే రోబోటిక్స్ సైంటిస్ట్ ఒక ఆపరేషన్ సీన్ రాశాడు. ఇది మీ కోసమే రాసినట్టుంటుంది. పేషెంట్ మెలకువగానే ఉంటాడు. రోబో సర్జన్ మెదడులో ఒక పొరని స్కాన్ చేసి, దానిలాగే పనిచేసే ప్రోగ్రామ్ తయారుచేస్తుంది. పేషెంట్ చేతిలో ఒక బటన్ ఉంటుంది. నొక్కితే సొంత మెదడు బదులు ప్రోగ్రామ్ పనిచేస్తుంది, వదిలితే మళ్లీ సొంత మెదడు. "తేడా ఏమీ లేదు" అని అతనికి నమ్మకం కుదిరాక ఆ పొరని తీసేస్తారు. తర్వాత ఇంకో పొర. చివరికి పుర్రె ఖాళీ, మనిషి మెషీన్‌లో. ఒక కుర్చీ, ఒక బటన్, ఒక ముఖం చాలు. గ్రాఫిక్స్ అక్కర్లేదు.

మొరావెక్ ఇలా పొర పొరగా ఎందుకు చేయించాడు? ఒకేసారి కాపీ తీస్తే ఇద్దరు మిగులుతారు కాబట్టి. మెషీన్‌లో ఒకడు, కుర్చీలో ఒకడు. ఆ చిక్కు రాకుండా, ఉన్న ఒక్కడే మెల్లగా మారిపోయినట్టు చూపించాలనుకున్నాడు.

సరే, ఇదంతా ఊహ. నిజంగా ఎంతవరకు వచ్చాం?

కేంబ్రిడ్జ్‌లో సిడ్నీ బ్రెన్నర్ టీమ్ ఒక మిల్లీమీటర్ పొడవుండే పురుగుని తీసుకుంది. దాని నరాల కణాలు 302. పురుగుని పల్చటి పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో ఫొటోలు తీసి, ఏ కణం దేనికి కలిసిందో చేత్తో గుర్తుపెట్టుకుంటూ వెళ్లారు. ఏళ్ల తరబడి సాగిన ఆ పని 1986లో అచ్చయింది. మ్యాప్ వచ్చేసింది కదా, పురుగు కంప్యూటర్‌లో బతికేసిందా? లేదు. 2011లో ఓపెన్‌వార్మ్ అనే ప్రాజెక్ట్ దాన్ని సాఫ్ట్‌వేర్‌లో కదిలించే పని మొదలుపెట్టింది. ఇప్పటికీ పూర్తి పురుగు తయారుకాలేదు. ఎందుకంటే మ్యాప్‌లో రోడ్లు కనిపిస్తాయి గానీ ట్రాఫిక్ కనిపించదు. ఏ కనెక్షన్ ఎంత బలంగా ఉంది, ఏ రసాయనం ఎప్పుడు పనిచేస్తుంది, ఆ ఫొటోలు చెప్పవు.

2024లో పండ్ల ఈగ మెదడు మ్యాప్ మొత్తం పూర్తయింది. దాదాపు 1,39,000 కణాలు. అదే ఏడాది హార్వర్డ్, గూగుల్ కలిసి మనిషి మెదడులో ఒక ఘనపు మిల్లీమీటర్ ముక్క మ్యాప్ చూపించాయి. బియ్యపు గింజలో సగం అనుకోండి. ఆ ముక్క డేటానే 1.4 పెటాబైట్లు, అంటే 128 జీబీ ఫోన్లు దాదాపు 11,000 నిండిపోతాయి. మొత్తం మెదడులో ఉండేవి సుమారు 8,600 కోట్ల నరాల కణాలు. పైగా ఇంత వివరంగా చూడాలంటే మెదడుని పొరలుగా కోయాల్సిందే. కుర్చీలోంచి లేచి ఇంటికెళ్లడం కుదరదు!

మన సినిమాలూ ఈ దారిలోకి వచ్చాయి. 2019లో ఇస్మార్ట్ శంకర్‌లో ఒక ఆఫీసర్ జ్ఞాపకాలు హీరో తలలోకి ఎక్కుతాయి. ఇద్దరి జ్ఞాపకాలు, శరీరం ఒకటే. కథ నడిచేది ఆ గొడవ మీదే.

బడ్జెట్ లేదని భయపడేవాళ్లు డాన్ హెర్ట్జ్‌ఫెల్ట్ తీసిన వరల్డ్ ఆఫ్ టుమారో చూడండి. 2015 నాటి యానిమేషన్, 17 నిమిషాలు. మనుషులంటే పుల్లల బొమ్మలు. చిన్నపిల్ల గొంతు ఆయన నాలుగేళ్ల మేనకోడలిది. ఆ పాప ఆడుకుంటూ మాట్లాడిన మాటల్ని రికార్డ్ చేసి, వాటి చుట్టూ కథ అల్లుకున్నాడు. జ్ఞాపకాల్ని క్లోన్‌లలోకి కాపీ చేసుకుంటూ పోతే మనిషిలో ఏం మిగులుతుందన్నదే కథ. ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

కాబట్టి స్క్రిప్ట్ రాసేముందు ఒక్క విషయం తేల్చుకోండి. మీ కథలో కట్ పేస్టా, కాపీ పేస్టా? కాపీ అయితే, అప్‌లోడ్ అయ్యాక కుర్చీలోవాడు కళ్లు తెరుస్తాడు. "ఏం కాలేదేంటి, నేనిక్కడే ఉన్నా కదా?" అంటాడు. స్పీకర్‌లోంచి అదే గొంతు, "అయింది, నేనిక్కడున్నా" అంటుంది. అప్పుడే ఫోన్ మోగుతుంది. అమ్మ. ఎవరెత్తాలి? అమ్మకి ఎవరు కొడుకు? ఎత్తనివాడి గతేంటి?

ఈ సీన్‌కి కావాల్సింది ఒక గది, ఒక యాక్టర్, ఒక స్పీకర్. సమాధానం నేను చెప్పను, అది మీ సినిమా. తీశాక మాత్రం ముందు మీ అమ్మకి చూపించండి. ఆమె ఏమంటుందో వినండి.