మహాదేవ్ దేశాయ్

మహాదేవ్ దేశాయ్ (1892–1942) గాంధీజీకి ఆంతరంగిక కార్యదర్శి. ఈ వృత్తిలో రాణించాలనుకునే వారు ముందుగా చదవాల్సిన జీవితం ఆయనదే. సూరత్ జిల్లా సరస్‌లో పుట్టారు. న్యాయశాస్త్రం చదివి, 1917లో గాంధీ వద్ద చేరి పాతికేళ్లు ఆయన వెన్నంటే ఉన్నారు.

ఉత్తరాలకు జవాబులు, సందర్శకుల వేళలు, ప్రయాణాల ఏర్పాట్లు, 'యంగ్ ఇండియా', 'హరిజన్' పత్రికలకు వ్యాసాలు, అన్నీ ఆయన చేతి మీదుగానే సాగేవి. గాంధీ మాటలను షార్ట్‌హ్యాండ్ లేకుండా మామూలు రాతలోనే చకచకా రాసుకునేవారు. గుజరాతీ, ఇంగ్లీషు, బెంగాలీ, హిందీ వచ్చు. గాంధీ ఆత్మకథను ఇంగ్లీషులోకి అనువదించింది ఆయనే.

చెప్పింది రాయడం గుమాస్తా పని. యజమాని ఆలోచన తెలిసి, ఆయన మనసులోని మాటకు అక్షరరూపం ఇవ్వడం దేశాయ్ సాధించిన నైపుణ్యం. ఇది ఏళ్ల తరబడి శ్రద్ధగా వింటే గాని అబ్బదు. 1917 నవంబరు నుంచి చనిపోయే ముందు రోజు దాకా డైరీ రాశారు. అందులో తన గురించి చెప్పుకున్నది బహు తక్కువ.

క్విట్ ఇండియా అరెస్టుల తర్వాత 1942 ఆగస్టు 15న పుణేలోని ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో గుండెపోటుతో మరణించారు. ఆ డైరీకి 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.