బాయింటన్ లోయకు రెండు స్థలపురాణాలు

అమెరికాలోని అరిజోనాలో, ఫీనిక్స్ నుంచి కారులో రెండు గంటలు వెళ్తే సెడోనా వస్తుంది. గ్రాండ్ కాన్యన్‌కు బయల్దేరిన తెలుగు కుటుంబాలు దారిలో ఆగి ఎర్రకొండల ముందు ఫొటోలు దిగే ఊరు. దానికి వాయవ్యంగా బాయింటన్ కాన్యన్ ఉంది. అక్కడ భూమిలోంచి ఆధ్యాత్మిక శక్తి సుడులు తిరుగుతూ లేస్తుందనీ, దాన్ని వోర్టెక్స్ అంటారనీ చెబుతారు. వింటే వేల ఏళ్ళ నాటి నమ్మకమనిపిస్తుంది. తీరా చూస్తే ఆ ప్రచారం వయసు అటూ ఇటూగా యాభై ఏళ్ళు.

లోయ పవిత్రత మాత్రం పాతదే. ఇక్కడి ఆదివాసులైన యవపాయ్ ప్రజల కథ ప్రకారం మొదటి మనుషులు మాంటెజూమా వెల్ అనే నీటి గుండం అడుగున ఉన్న లోకంలో బతికేవారు. వరద ముంచుకొచ్చినప్పుడు ఒక ఆడపిల్లను, తొలిచిన దుంగలో తిండితో సహా ఉంచి నీళ్ళ మీద వదిలారు. వరద తీశాక ఆ దుంగ ఈ ఎర్రకొండల దగ్గర ఆగింది. ఆమే కమలపుక్వియా, ఆ జాతికి మూలపుటమ్మ. ఆమె నివాసం బాయింటన్ లోయలోనే. వాళ్ళకిది ఎనర్జీ నింపుకునే చోటు కాదు, అమ్మమ్మ ఇల్లు.

యవపాయ్‌లు, వాళ్ళ పొరుగు అపాచీలు ఈ ప్రాంతాన్ని ఎలా పోగొట్టుకున్నారో టూరిస్టు కరపత్రాల్లో అరుదుగా కనిపిస్తుంది. 1871లో ప్రభుత్వం వాళ్ళకు వెర్డీ నది వెంట రిజర్వేషన్, అంటే వాళ్ళకంటూ కేటాయించిన నేల, ఇచ్చింది. వాళ్ళు కాలువ తవ్వుకుని పంటలు పండించసాగారు. తమ తిండి తాము పండించుకుంటే, రేషన్ సరఫరా చేసే కాంట్రాక్టర్లకు గిట్టుబాటెలా? నాలుగేళ్ళు తిరక్కుండానే రిజర్వేషన్ రద్దయింది. 1875 ఫిబ్రవరిలో దాదాపు 1,400 మందిని, ముసలీ ముతకా పిల్లలతో సహా, 180 మైళ్ళ అవతలి శాన్ కార్లోస్‌కు నడిపించారు. చలికాలం, కొండదారులు, పొంగుతున్న నదులు. వంద మందికి పైగా దారిలోనే పోయారు. మరుసటి ఏడు, 1876లో, పక్కనున్న ఓక్ క్రీక్ లోయలో థాంప్సన్ అనే తెల్లవాడు కాపురం పెట్టాడు. వెళ్ళగొట్టబడ్డవాళ్ళు వదిలిన తోటలే అతనికి ఆసరా అయ్యాయి. ఆ చోటును నేటికీ ఇండియన్ గార్డెన్స్ అనే పిలుస్తారు.

1902లో పోస్టాఫీసు వచ్చింది, ఊరికి అక్కడ స్థిరపడ్డ ష్నెబ్లీ అనే ఆయన భార్య సెడోనా పేరు పెట్టారు. తర్వాత హాలీవుడ్ వచ్చింది. అపాచీ నాయకుడు కోచీస్ కథతో 1950లో విడుదలైన ‘బ్రోకెన్ యారో’ను ఇక్కడే తీశారు. కోచీస్ వేషం కట్టింది మాత్రం తెల్లనటుడే.

ఇక రెండో పురాణం. 1980 ప్రాంతంలో పేజ్ బ్రయంట్ అనే అతీంద్రియవాది ఈ కొండల్లో శక్తి కేంద్రాలున్నాయని ప్రకటించారు. బెల్ రాక్, కెథీడ్రల్ రాక్, ఎయిర్‌పోర్ట్ మెసా, బాయింటన్ కాన్యన్ ప్రసిద్ధికెక్కాయి. 1987 ఆగస్టు 16, 17 తేదీల్లో హార్మోనిక్ కన్వర్జెన్స్ అనే సామూహిక ధ్యానం కోసం వేలమంది సెడోనాకు వచ్చిపడ్డారు. అదే ఏడు బాయింటన్ లోయ ముఖద్వారంలో ఖరీదైన రిసార్ట్ తెరుచుకుంది. ఇప్పుడు లోయలోకి వెళ్ళే కాలిబాట దాని ప్రహరీ పక్కగానే సాగుతుంది.

శక్తికి సాక్ష్యంగా మెలితిరిగిన జూనిపర్ చెట్లను చూపిస్తారు. కొన్ని కాండాలు నిజంగానే పిండిన తడిబట్టలా ఉంటాయి. కానీ వాటి పక్కనే నిటారు చెట్లూ ఉంటాయి, ఏ వోర్టెక్సూ లేని చోట్లా జూనిపర్లు మెలి తిరుగుతాయి. రాళ్ళ ఎరుపుకు కారణం ఇసుకరేణువులకు పట్టిన ఇనుప తుప్పు. ఏ పరికరమూ ఇంతవరకు ఆ ‘శక్తి’ని పట్టలేదు. అక్కడ కూర్చుంటే మనసు కుదుటపడుతుందంటే మాత్రం నేను కాదనను. అంత నిశ్శబ్దంలో, అంత ఎత్తు గోడల మధ్య ఎవరికైనా అలాగే ఉంటుంది. నాకు అభ్యంతరం ఒక్కటే: అరువు తెచ్చుకున్న పవిత్రతకు సొంతదారుల పేరు చెప్పకపోవడం. భక్తులు పేర్చే రాళ్ళ చక్రాలు కూడా యవపాయ్‌లవి కావు. అటవీ సిబ్బంది వాటిని ఎప్పటికప్పుడు విప్పేస్తుంటారు.

వెళ్ళేవాళ్ళకు ఒక మాట. అక్కడ రాళ్ళు పేర్చకండి. తిరుగుదారిలో మాంటెజూమా వెల్ కూడా చూడండి. సెడోనా నుంచి ముప్పావు గంట ప్రయాణం, టికెట్ లేదు.