మధ్యయుగపు పల్లె బ్రతుకు: ఐరోపా మేనరు, కోలారు సీమ చెరువు

మధ్యయుగమను పేరు ఐరోపా చరిత్రకారులు తమ దేశముల చరిత్రకు పెట్టుకొన్నది. 5వ శతాబ్దమున పశ్చిమ రోమక సామ్రాజ్యము కూలినది మొదలు 15వ శతాబ్దమున విద్యా పునరుజ్జీవనము వ్యాపించు వరకు గల సుమారు వేయి యేండ్లకు వారు ఈ పేరు వాడుదురు. ఈ యుగమును గూర్చి పాఠశాలలో చదువునపుడు మనకు రాజులు, పోపులు, కోటలు, క్రూసేడు యుద్ధములు కనబడును. ఆ కోటలోని వారికి ధాన్యము పండించి పెట్టినవాడు కనబడడు. మన దేశచరిత్రయు ఇట్లే చోళులు, హొయసలులు, విజయనగర రాయలు అను పేర్లతో నడచును గాని, వారి కాలమున పల్లెలోని కాపు ఏమి తినెను, ఎవరికి వెట్టి చేసెను, ఎవరికి భయపడెను అను విషయము చెప్పదు. ఈ వ్యాసమున రాజులను కొంత ప్రక్కన నుంచి, ఆ కాలపు ఐరోపా పల్లెను మన కోలారు సీమ పల్లెతో పోల్చి చూడ యత్నించెదను.

ఈ పోలికకు బైరకూరు ప్రాంతము తగిన చోటు. ములబాగలు తాలూకాలో ఆంధ్ర సరిహద్దు చేరువనున్న ఈ పల్లెలలో ఇంట తెలుగు, కచేరిలోను బడిలోను కన్నడము వినబడును. ఇచటికి దాపుననున్న నంగలి, హొయసల విష్ణువర్ధనుని రాజ్యమునకు తూర్పు ఎల్లగా శాసనములలో కీర్తింపబడినది. ములబాగలు అను పేరే 'మూడల బాగిలు', అనగా తూర్పు వాకిలి. 14వ శతాబ్దమున బుక్కరాయల కుమారుడు కంపరాయలు ఈ రాజ్యమునకు అధిపతియై, ఇచటి నుండి దక్షిణమునకు దండెత్తి మధుర సుల్తానులను జయించెను. బాణులు, గంగులు, నొళంబులు, చోళులు, హొయసలులు, రాయలు ఒకరి వెనుక నొకరు ఈ వాకిలి గుండ వచ్చిపోయిరి. చెరువు క్రింది మడి దున్నువాని పని మాత్రము మారలేదు.

ముందుగా ఐరోపా పల్లెను చూతము. 13వ శతాబ్దపు ఇంగ్లండులో పల్లె యనగా సామాన్యముగా ఒక ప్రభువు అధీనమునందలి 'మేనరు'. ఊరి భూమిని మూడు పెద్ద పొలములుగా విభజించెడివారు. ఒకదానిలో శీతకాలపు గోధుమ గాని రై గాని, రెండవదానిలో వసంతమున బార్లీ, ఓట్లు, బటానీలు విత్తి, మూడవదానిని బీడుగా విడుచుదురు. మరుసటి యేడు వంతు మారును. ప్రతి రైతునకును ఒకేచోట కమతముండదు. మూడు పొలములందును సన్నని పట్టెలుగా చెదరియుండును. కావున దున్నుట, కోయుట, పశువులను తోలుట అందరు ఒక్కమాటపై చేయవలసినదే. ఇల్లు కఱ్ఱలు, తడికెలు, మట్టితో కట్టి గడ్డి కప్పినది. పలుచోట్ల ఒకే కప్పు క్రింద ఒక వైపున మనుష్యులు, మఱియొక వైపున పశువులు ఉండెడివారు.

ఆ రైతులలో పెక్కుమంది స్వతంత్రులు కారు. ప్రభువు సెలవు లేక ఊరు విడువరాదు. వారమునకు రెండు మూడు దినములు ప్రభువు సొంత భూమిలో కూలి లేక పనిచేయవలెను. కోతకాలమున ఇంకను ఎక్కువ. ధాన్యమును ప్రభువు మరలోనే విసరి, దానికి సుంకమిచ్చుకొనవలెను. కూతునకు పెండ్లి చేసిన సుంకము. ఇంటి యజమాని మరణించిన, కొట్టములోని మేలైన పశువు ప్రభువునకు చెందును. ఇవిగాక పంటలో పదియవ పాలు చర్చికి. ఇట్టి రైతును 'విల్లెయిన్' అనెడివారు. నేడు మనము నాటకములలో, చలనచిత్రములలో దుష్టపాత్రకిచ్చు 'విలన్' అను పేరు ఈ పదము నుండియే పుట్టినది. పొలము దున్నువాని పేరు కాలక్రమమున తిట్టుగా మారుటను బట్టి, పై తరగతులవారు అతనినెట్లు చూచిరో తెలియుచున్నది.

ఇక మన సీమ. కోలారు దేశమున ఏడాది పొడవున పారు నది లేదు. పాలారు, పినాకినులు ఈ ప్రాంతపు కొండలలోనే పుట్టినను, వాన కురిసిననాడే పారును. కావున ఇచట పల్లె పుట్టుకకు మూలము చెరువు. వానను కట్టతో నిలిపి, తూముతో మడికి విడిచి, మిగిలినది మొరవ మీదుగా దిగువ చెరువునకు పంపుట ఈ సీమ వ్యవసాయము. ఒక చెరువు నిండినగాని దాని క్రింది చెరువునకు నీరు రాదు. అందువలన ఊరికిని ఊరికిని నడుమ పొత్తును, తగవును రెండును నీటివలననే కలుగుచుండెను.

ఈ చెరువుల చరిత్ర శాసనములందు కలదు. ఆవనిలో 10వ శతాబ్దమున త్రిభువనకర్తయను శైవాచార్యుడు నలువది యేండ్లు ఆ స్థానమును పాలించి, ఏబది గుడులను, రెండు పెద్ద చెరువులను కట్టించెనని అతడు 961లో గతించిన సందర్భపు శాసనము చెప్పుచున్నది. బేతమంగలము చెరువు 10వ శతాబ్దమున నొళంబుల కాలమున మరమ్మతు పొందినది. మరల గండిపడగా 12వ శతాబ్దమున హొయసల దండనాయకుడు చొక్కిమయ్య దానిని బాగుచేయించెను. 20వ శతాబ్దమున కోలారు బంగారు గనుల పట్టణమునకు త్రాగునీరు ఈ చెరువు నుండియే పోయెను. గనులు 2001లో మూతపడినవి, చెరువు ఉన్నది.

చెరువు కట్టుటకు ఎంత శ్రమ పట్టెడిదో కడప సీమలోని పోరుమామిళ్ళ శాసనము తెలుపుచున్నది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అచటి చెరువును కట్టించిన సందర్భమున 1369లో వేయించిన శాసనమిది. మంచి చెరువునకు పండ్రెండు అంగములు, దానికి కలుగగూడని ఆరు దోషములు అందు వివరింపబడినవి. రెండు సంవత్సరముల పాటు దినమునకు వేయిమంది కూలీలును, నూరు బండ్లును ఆ పనిలో నుండినట్లు వ్రాయబడినది.

కట్టుట ఒకనాటి పని. కాచుట తరతరముల పని. దానికై మన పూర్వులు చేసిన ఏర్పాటు దశబంధము. దశబంధమనగా పదియవ పాలు. చెరువు కట్టినవానికి గాని మరమ్మతు చేయించినవానికి గాని దాని క్రింది భూమిలో కొంత మాన్యముగా నిచ్చి, కట్టను కాపాడు భారము వానిపై నుంచెడివారు. ఆచరణలో కొలత చోటును బట్టి మారుచుండెను. కన్నడమున దీనిని పోలినదే కట్టుకొడుగె. పూడిక మట్టి తోలు చెరువు బండికిని వేరుగా మాన్యములుండెడివి. ఐరోపా రైతు పంటలో పదియవ పాలు చర్చికి పోగా, మన సీమలో పదియవ పాలను పేరు నీటిని నిలుపు కట్టకు చెందుట గమనింపదగినది.

చెరువు నీటిని మడులకు పంచువాడు నీరుగంటి. తూము ఎప్పుడు తీయవలెను, ఎవరి మడి ముందు తడపవలెను అనునది అతని పని. ఇతడును, రెడ్డి, కరణము, తలారి, తోటి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలగువారును ఊరి ఆయగాండ్రు. పండ్రెండుగురని వాడుక. వీరికి జీతము లేదు. కళ్ళములో రాశి కొలుచునపుడు ఎవరి మేర వారికి దక్కును. మేనరులోను కమ్మరి, మర నడపువాడు, కాపలావాడు ఉండిరి. వారు ప్రభువునకు లోబడినవారు. ఆయగాండ్రు ఊరికి లోబడినవారు. ఈ రెంటికిని నడుమ భేదము చిన్నది కాదు.

ఇంతమాత్రమున మన పల్లె స్వర్గమని తలచుట పొరపాటు. మాన్యములిచ్చు శాసనములలో వెట్టి నుండి విముక్తి యని తఱచు కనబడును. విముక్తి పొందనివారికి వెట్టి ఉన్నదనియే దీనికి అర్థము. విజయనగర కాలమున మనకును పెండ్లిసుంకము ఉండెను. దానిని తీసివేసి పుణ్యము గట్టుకొన్నట్లు చెప్పు శాసనములే అందుకు సాక్ష్యము. సదాశివరాయల కాలమున మంగలివారి పన్నులు మన్నింపబడినవి. అంతవరకు వారు కత్తికిని సుంకము చెల్లించినవారే. ఐరోపా రైతును భూమికి కట్టినది చట్టము. మన సీమలో చట్టము కట్టనిచోట కులము కట్టినది. అచట పారిపోయి పట్టణమున ఒక సంవత్సరము నొక దినము దాగియున్నవాడు అనేకచోట్ల స్వతంత్రుడయ్యెను. ఇచట తోటి కుమారుడు ఎన్ని ఊళ్ళు దాటినను అతని కులము అతని వెంటనే పోయెను. ఏ చెరువు కట్టను తన తలమీది మట్టితో పెంచెనో, ఆ చెరువు నీటిని తాకుటకే అతనికి అనేక ఊళ్ళలో హక్కు లేకుండెను.

తిండిలోను ఈ తరతమములు కనబడును. ఐరోపాలో తెల్ల గోధుమరొట్టె దొరలది. రై, బార్లీ కలిసిన నల్లరొట్టెయు, బటానీలు ఉడికించిన గంజియు రైతువి. మన సీమలో వరి మడి గలవానిది. రాగిసంగటి, ఉలవచారు కష్టజీవులవి. 16వ శతాబ్దపు కనకదాసు రామధాన్యచరితమున వరికిని రాగికిని వాదము పెట్టి, శ్రీరామునిచేత రాగికే గెలుపు ఇప్పించెను. ధాన్యముల తగవు వంటి ఈ కథ నిజమునకు మనుష్యుల తగవు.

ఓరిమికిని మేర ఉన్నది. 1348లో ఇంగ్లండు చేరిన మహామారివలన జనములో మూడవ వంతు మొదలు సగము వరకు నశించిరని చరిత్రకారుల అంచనా. పనివారు కరవై కూలి పెరుగగా, దానిని పెరుగనీయకుండ 1349లోను 1351లోను శాసనములు చేసిరి. ఆపై తలపన్ను వేసిరి. 1381లో రైతులు తిరుగబడి లండను నగరమును చొచ్చిరి. తిరుగుబాటు అణచబడినను వెట్టి క్రమముగా సడలిపోయెను. మన దక్షిణమున 1429లో, రెండవ దేవరాయల కాలమున, చోళదేశమున బలంగై, ఇడంగై వర్గములవారు తమ పాత వైరము మాని యేకమై, అధికారులు, భూస్వాములు అన్యాయముగా గుంజు పన్నులను చెల్లింపమని నిర్ణయించుకొని దానిని రాతిపై చెక్కించిరి. ఇట్టి శాసనములు రాజుల దిగ్విజయముల కంటె తక్కువ విలువ గలవి కావు.

ఇప్పుడు నాకు ముఖ్యముగా తోచిన విషయమును మనవి చేసెదను. ఇంతటి శ్రమ చేసిన సామాన్యుని పేరు ఎచట మిగిలినది? 1086లో విలియం రాజు ఇంగ్లండు దేశమంతయు లెక్కగట్టించిన డూమ్స్‌డే గ్రంథమున పదమూడు వేలకు పైగా ఊళ్ళు, సుమారు ఆరు వేల మరలు ఎక్కినవి. ప్రభువుల పేర్లున్నవి, రైతులు అంకెలు మాత్రమే. పోరుమామిళ్ళ శాసనమునందును వేయిమంది కూలీలు అంకెయే. ఐరోపాలో రైతు పేరు తఱచు మేనరు న్యాయస్థానపు చిట్టాలలో, తప్పునకు దండుగ కట్టినపుడు దొరకును. ఫ్రాన్సు దేశపు మోంతాయు అను కొండపల్లె ప్రజల మాటలు మనకు దక్కినవనిన, 1318 మొదలు 1325 వరకు జాక్ ఫూర్నియే అను బిషపు వారిని మతవిరోధులని విచారించి వాఙ్మూలములు వ్రాయించుట వలననే. 1975లో లె రాయ్ లదూరీ ఆ వాఙ్మూలముల నుండియే ఆ పల్లె చరిత్రను వ్రాసెను.

మన సీమలో సామాన్యుని పేరు వీరగల్లులపై దక్కినది. పశువులను దొంగలు తోలుకొనిపోవుచుండ అడ్డుపడి చచ్చినవాడు, ఊరి పోరులో పడినవాడు, పులితో పెనగినవాడు ఈ రాళ్ళపై పేరుతో, రూపముతో నిలిచిరి. వారి కుటుంబమునకిచ్చిన భూమిని నెత్తురుకొడుగె, నెత్తురుపట్టి అనిరి. మండ్య జిల్లాలోని ఆతకూరు శాసనమున 10వ శతాబ్దమున అడవిపందిని చంపి తాను చచ్చిన కాళియను వేటకుక్కకు సైతము చోటు దక్కినది. అచట దండుగవలన, విచారణవలన మిగిలిన పేరు ఇచట మరణమువలన మిగిలినది. బ్రదికి దున్నినవాని పేరు రెండుచోట్లను అరుదు.

కోలారు జిల్లా శాసనములను బి. ఎల్. రైసు 1905లో ఎపిగ్రాఫియా కర్ణాటికా పదవ సంపుటముగా ప్రకటించెను. కన్నడము, తెలుగు, తమిళము, సంస్కృతము ఇందు కలసియున్నవి. ఈ సీమ ఏ ఒక్క భాషవారిది మాత్రమే కాదనుటకు ఇంతకంటె వేరు సాక్ష్యము అక్కరలేదు. అయితే ఆ సంపుటమునకెక్కని రాళ్ళును పొలముల గట్లపై, చెరువు కట్టల మొదట ఉండవచ్చును. కట్ట చదును చేయునపుడు, బాట వెడల్పు చేయునపుడు ఒక రాయి పగిలిన, ఒక మనుష్యునికి గల యేకైక సాక్ష్యము పోవును. 2018 నుండి బెంగళూరులో శుద్ధిచేసిన నీటిని కోలారు జిల్లా చెరువులకు మళ్ళించుచున్నారు. ఆ నీటి మేలుకీళ్ళు నిపుణులు తేల్చవలసినవి. కాని చెరువులను గూర్చి మరల అందరు మాటాడుచున్న ఈ సమయముననే వాటి కట్టలపైనున్న రాళ్ళనుగూడ తలంచుట యుక్తము.

కావున సంఘ సభ్యులకు నా విన్నపమొకటి. మీ ఊరి చెరువు పేరు, తూముల సంఖ్య, మొరవ నీరు పోవు దిగువ చెరువు పేరు, నీరుగంటి ఇంటివారు చెప్పు మాటలు వ్రాసి ఉంచుడు. వీరగల్లు కనబడిన, దానిని కదల్పక, సున్నము పూయక, ఛాయాచిత్రము తీసి, ఉన్న చోటు గుర్తుపెట్టి, పురాతత్త్వ శాఖకు తెలుపుడు. మోంతాయు ప్రజల మాట దక్కుటకు ఒక విచారణాధికారి కావలసివచ్చెను. మన పల్లెవారి మాట దక్కించుటకు వారి బిడ్డలే చాలుదురు.