అత్తరుకు ముందు పన్నీరు

కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో సుంకం కట్టవలసిన సరుకుల పట్టిక ఉంది. గంధం, కర్పూరం, ముత్యాలు, ఏనుగు దంతం, పట్టునూలు... వాటి సరసనే పన్నీరు. రాజు సుంకం వేసేంత విలువ ఆనాడు దానికి ఉండేది. ఈనాడు గులాబీ నూనె తీయగా మిగిలిన నీటిగానే దాన్ని చాలామంది చూస్తున్నారు. నిజానికి ముందు పుట్టింది నీరే, నూనె కాదు.

పూలను మరగబెట్టి, ఆవిరిని చల్లార్చి పట్టే విద్యను వైద్యుడు ఇబ్న్ సీనా (980–1037) కనిపెట్టాడని తరచూ రాస్తుంటారు. కానీ అతనికి శతాబ్దం ముందే బాగ్దాదులో అల్ కిందీ పరిమళాల తయారీ మీద గ్రంథం రాస్తూ బట్టీలో తీసే పద్ధతులు చెప్పాడు. పర్షియాలోని గూర్ పట్టణం, అంటే నేటి ఫిరూజాబాద్, పన్నీటికి పేరుమోసింది. అక్కడి సరుకు ఓడలెక్కి ఇండియాకూ చైనాకూ వెళ్లేది.

నూనె కథ మొఘలు అంతఃపురంలో మలుపు తిరిగింది. నూర్జహాను తల్లి అస్మత్ బేగం పన్నీరు తీయిస్తూ, వేడి పన్నీరు పోసిన పాత్రల మీద తేరిన జిడ్డును కొంచెం కొంచెంగా పోగుచేసిందని జహంగీరు తన ఆత్మకథలో మురిసిపోతూ రాసుకున్నాడు. దానికి ‘ఇత్ర్-ఎ-జహంగీరీ’ అని పేరు పెట్టింది అక్బరు భార్య సలీమా సుల్తాన్ బేగం. అక్కడినుంచి కళ్లన్నీ పైన తేలే ఆ జిడ్డు మీదే.

1824లో గాజీపూర్ గులాబీ తోటలు చూసిన బిషప్ హీబర్ రాసిన వివరం ఇంకా ఆసక్తికరం. పన్నీటిని వెడల్పాటి పాత్రల్లో పోసి రాత్రంతా ఆరుబయట ఉంచి, తెల్లవారగానే పైన తేరిన నూనె తీసేవారట. రూపాయి ఎత్తు అత్తరుకు రెండు లక్షల పూలు కావాలట. నూనె తీసిన నీటికి ధర తక్కువ. అయినా రెండింటికీ పెద్దగా తేడా తెలియదని ఆయనకు అక్కడ చెప్పారు.

ఆ మాటకు కారణం రసాయనశాస్త్రంలో దొరుకుతుంది. గులాబీ వాసనలో పెద్ద పాలు ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్‌ది. అది నీటిలో బాగా కరుగుతుంది కనుక చాలావరకు పన్నీటిలోనే ఉండిపోతుంది, నూనెలోకి తక్కువగా చేరుతుంది. నూనె తీసేసినంత మాత్రాన పన్నీరు పిప్పి కాదు.

కన్నౌజ్‌లో ఇప్పటికీ డేగులనే రాగి పాత్రల్లో పూలు మరిగిస్తూ, వాటి కింద కట్టెలు, పిడకల మంట పెడతారు. మూత అంచులను బంకమట్టితో బిగిస్తారు. వెదురు గొట్టం గుండా వచ్చే ఆవిరి నీళ్ల తొట్టిలో ముంచిన భప్కా అనే పాత్రలో చల్లారి చుక్కలుగా దిగుతుంది. యునానీ వైద్యులు సోపు, వాము, కాసనీల నుంచీ ఇలాగే అర్కులు తీస్తారు. హైదరాబాదులో అర్క్-ఎ-గులాబ్, అంటే పన్నీరు, తెలియని పాత ఇల్లు ఉండదు. ముల్తానీ మట్టిలోనో గంధంలోనో కలిపి ముఖానికి పట్టించడం మనకు అలవాటైన వాడకమే.

బట్టీలో తీసిన పూలనీరు సాధారణంగా కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది, చర్మమూ అంతే. అందుకే కావచ్చు, సబ్బుతో కడిగాక రాసుకుంటే హాయిగా ఉంటుంది. ముడతలు పోతాయని, మచ్చలు మాయమవుతాయని చెప్పే ప్రకటనలను మాత్రం నమ్మనవసరం లేదు.

అసలు బాధ కల్తీతో. నీళ్లలో కృత్రిమ పరిమళం కలిపి గులాబీ రంగు వేసి అమ్మే సీసాలకు బట్టీతో సంబంధమే లేదు. అసలైన పన్నీటికి రంగుండదు. కొనేముందు సీసా మీది చీటీ చదవండి. అందులో పరిమళమూ రంగూ విడిగా కలిపినట్టు ఉంటే వదిలేయండి. నిల్వ మందు కలపని పన్నీరైతే ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడేయండి. మసకబారితే పారబోయండి.