కారు బలమును కొలుచుట: ప్రోనీ బ్రేకునుండి నేటి డైనమామీటరు వరకు

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవు రహదారిపై మా మామగారి పాత అంబాసిడరు కారు వేసవిలో చక్కగా పరుగెత్తును. కాని పుష్యమాసపు చలి ఉదయములందు యాక్సిలరేటరు నొక్కినంతనే క్షణకాలము తటపటాయించి, కార్బ్యురేటరులోనుండి టప్పున తుమ్మును. “శబ్దము విన్నాను, ట్యూనింగు సరిగానే ఉన్నది” అని మా మెకానిక్కు చెప్పును. “నగరమునకు తీసికొనిపోయి డైనమామీటరుపై ఎక్కించుము” అని ఒక మిత్రుడు సలహా యిచ్చెను. “ముసలి కారుకు అంత వైద్యమెందుకయ్యా?” అని మామగారి ప్రశ్న. ఈ ముగ్గురిలో ఎవరి మాట వినవలెనో తెలియవలెనన్న, యంత్రముల బలమును కొలుచుట మానవుడు ఎట్లు నేర్చుకొనెనో ముందు తెలిసికొనవలెను.

మన ప్రాంతములో కపిల తోలిన రైతులు, ఏ జోడెద్దులు ఎంత నీరు చేదునో కన్నులతో చూచియే చెప్పగలిగెడివారు. ఇంగ్లండులో జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రమును అమ్మవలసి వచ్చినప్పుడు ఇట్టి పోలికయే అవసరమైనది. గుఱ్ఱములతో పని చేయించుకొనువారికి అర్థమగునట్లు, నిమిషమునకు 33,000 అడుగు-పౌండ్ల పనిని ఒక హార్సుపవరుగా 1780 ప్రాంతములలో అతడు నిర్ణయించెను. కొలమానము ఏర్పడినది. కాని తిరుగుచున్న ఇరుసునుండి ఆ బలమును కొలుచు సాధనము మాత్రము అప్పటికి లేదు.

ఆ కొరతను 1821లో ఫ్రెంచి ఇంజనీరు గాస్పార్ ద ప్రోనీ తీర్చెను. తిరుగు ఇరుసును రెండు కొయ్యదిమ్మెలతో బిగించి, వానికి ఒక పొడవైన చేయి అమర్చెను. ఇరుసుతోపాటు తాను కూడ తిరుగబోవు ఆ చేతిని, దాని కొనకు బరువులు వ్రేలాడదీసి కదలకుండ నిలిపెను. బరువును చేతి పొడవుతో గుణించిన, యంత్రము యొక్క మెలిత్రిప్పు బలము, అనగా టార్కు, తెలియును. దానిని చుట్ల వేగముతో కలిపి లెక్కించిన హార్సుపవరు వచ్చును. అడ్డుకొనుటచేత కొలుచుటయే ఇందలి కిటుకు.

అయితే అడ్డుకొన్న బలమంతయు వేడిగా మారి కొయ్యలు పొగలు గ్రక్కును. పెద్ద ఓడయంత్రములకు ఈ బ్రేకు చాలదు. 1877లో విలియం ఫ్రౌడ్ కొయ్యకు బదులు నీటిని వాడెను. నీటితో నిండిన పెట్టెలో తిరుగు చక్రమును నీరే అడ్డుకొనును. వేడిని కూడ నీరే మోసికొని పోవును. తరువాతి కాలములో విద్యుత్తుతో అడ్డుకొను బ్రేకులు వచ్చినవి. ఇంజనును విప్పకుండ, కారు చక్రములనే రోలర్లపై నిలిపి కొలుచు పద్ధతియు వచ్చినది. మిత్రుడు చెప్పిన డైనమామీటరు ఇదియే.

ఇక కార్బ్యురేటరు సంగతి. 1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ బండిలో, పెట్రోలు ఉపరితలముపై లేచు ఆవిరియే గాలిలో కలిసెడిది. 1893లో హంగరీలో దోనాత్ బాంకి, యానోష్ చోంకా అను ఇరువురును, జర్మనీలో విల్‌హెల్మ్ మైబాఖ్‌ను పెట్రోలును సన్నని జెట్టుగుండ తుంపరగా చిమ్మించిరి. ఇరుకైన గొట్టములో గాలి వేగము పెరిగిన పీడనము తగ్గును. ఆ తగ్గుదలయే పెట్రోలును పైకి లాగును. ఈ సాధనము గాలి వేగమును గ్రహించును గాని, ఆ గాలి వేడిగా నున్నదా, ఆ పెట్రోలులో ఏమి కలిసినదా అని విచారించుకొనలేదు. 1957లో ఉత్తరపారాలో పుట్టి 2014లో నిలిచిపోయిన అంబాసిడరులలో మా బండి ఈ కార్బ్యురేటరు కాలమునకు చెందినది.

ఇచ్చటనే మా చిక్కు ఉన్నది. శుద్ధమైన పెట్రోలు ఒక గ్రాము పూర్తిగా మండుటకు సుమారు 14.7 గ్రాముల గాలి కావలెను. ఇథనాలుకు 9 గ్రాములు చాలును, ఏలయన దానిలోనే ఆమ్లజని కొంత ఉన్నది. మన దేశములో 2025 నాటికి పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపుట సాధ్యమైనది. అట్టి మిశ్రమమునకు కావలసిన గాలి సుమారు 13.5 గ్రాములే. పాత జెట్టు పాత లెక్కనే ఇంధనమును ఇచ్చును గనుక, మిశ్రమము ఇంచుమించు 8 శాతము పలుచనగును. నంద్యాల ఎండలో 42 డిగ్రీల గాలి, 15 డిగ్రీల గాలికంటె 8, 9 శాతము తేలిక. అందుచేత వేసవిలో మిశ్రమము 4 శాతమువరకు చిక్కబడి, లోటు కొంత పూడును. చలి ఉదయమున ఆ సహాయము లేదు. కారు తుమ్ముటకు ఇది కారణము కావచ్చును. మెకానిక్కు చెవి అబద్ధమాడలేదు. అతడు విన్నది మధ్యాహ్నవేళ, భారము లేక ఊరక తిరుగుచున్న ఇంజనును.

మరి వెంటనే డైనమామీటరుకు పోవలెనా? తొందర కూడదు. కార్బ్యురేటరు అడుగున గాస్కెట్టు గాలి పీల్చుచున్నను ఇవే లక్షణములు కనబడును. స్పార్కుప్లగ్గులు, పాయింట్లు, టైమింగు, వాల్వుల సందు, ఫ్లోటు మట్టము, ఇథనాలుకు చెడిపోవు పాత రబ్బరు గొట్టములు, ఇవన్నియు ముందు చూడవలెను. జబ్బు ఒకచోట ఉండగా కొలత మరియొకచోట చేయించిన డబ్బు దండుగ.

తరువాత రహదారినే కొలబద్దగా వాడవచ్చును. మనుష్యులతో కలిపి 1,300 కిలోగ్రాముల కారు, టాపుగేరులో 40 కిలోమీటర్ల వేగమునుండి 60కి చేరుటకు సుమారు 1,00,000 జౌళ్ల శక్తి కావలెను. 10 సెకన్లలో చేరినచో, గాలి, టైర్ల నిరోధమును గెలువగా మిగిలిన సామర్థ్యము 10 కిలోవాట్లు. మరమ్మతుకు ముందును తరువాతను, రద్దీలేని వేళ, ఒకే చదునైన చోట, ఒకరు నడుపగా మరియొకరు గడియారము చూచిన, లాభమెంతో తెలియును. బరువైన రోలరును త్రిప్పించి కొలుచు డైనమామీటరు సూత్రమును ఇదియే.

కాని గంటకు 60 కిలోమీటర్ల నిలకడ వేగమునకు అంబాసిడరుకు 10 హార్సుపవరు కూడ అక్కరలేదు. ఇంజను పూర్తిబలము గిద్దలూరు ఘాటువంటి ఎగుడుదారిలో కొంతసేపే అవసరము. కావున అత్యధిక బలమును తెలుపు అంకె మనకు అంత ముఖ్యము కాదు. ప్రోనీవలె అడ్డుకొని, ఒకే వేగమున, ఒకే భారమున ఇంజనును నిలుపగల బ్రేకురకపు డైనమామీటరు కావలెను; పొగగొట్టమున ఆమ్లజనిని కొలుచు సాధనమును ఉండవలెను. అప్పుడు జెట్టునో సూదినో మార్చి, ఏ భారమువద్ద మిశ్రమము పలుచనగుచున్నదో సరిచేయవచ్చును. యంత్రమునకు యంత్రమునకు అంకెలు తేడాగా వచ్చును గనుక, మొదటి కొలతయు చివరి కొలతయు ఒకేదానిపై తీయించవలెను.

మా కారునకు గాస్కెట్టు, గొట్టములు మార్పించితిమి. తుమ్ము తగ్గినదిగాని పోలేదు. ఇక మిగిలినది మిశ్రమపు సందేహమొక్కటే. దానిని తీర్చు సాధనమునకు డబ్బు వెచ్చించుట తగునని మామగారును ఒప్పుకొనిరి.

ఆళ్లగడ్డ శిల్పుల ఊరు. శిల్పి రాతిని సుత్తితో తట్టి, నాదము విని ఎన్నుకొనును. విగ్రహమును మలచునప్పుడు మాత్రము సూత్రము పట్టి తాళమానము ప్రకారము కొలుచును. ఏది చెవికి వదలవలెనో, ఏది కొలతకు అప్పగించవలెనో అతనికి తెలియును. పాత కారు గలవారికి తెలియవలసినదియు అంతే.