కాటుక రేకుల పొడ నుంచి 108 బండి దాకా: పాము ఇంజక్షన్ కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక మందు గురించి. దాని పేరు ఏఎస్‌వీ, అంటే యాంటీ స్నేక్ వీనమ్. మన ఊళ్లల్లో అయితే సింపుల్‌గా పాము ఇంజక్షన్. అవనిగడ్డ దగ్గరో, నాగాయలంక దగ్గరో మీకు చుట్టాలు ఉంటే ఈ మాట వినే ఉంటారు. కాలవలకి నీళ్లు వదిలి నాట్లు మొదలయ్యే టైమ్‌కి ఇంకా ఎక్కువ వినపడుతుంది.

2018 ఆగస్టు గుర్తుందా? దివిసీమలో పాము కాట్లు వరసపెట్టి వచ్చాయి. ఏ ఛానల్ పెట్టినా అదే న్యూస్. చివరికి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుడిలో ప్రభుత్వం తరఫునే సర్పశాంతి యాగం చేయించారు. దాని మీద మీమ్స్ బోలెడు వచ్చాయి. నాకు ఆ వెటకారం నచ్చలేదు. తెల్లారితే అదే చేలోకి దిగాల్సిన మనిషికి గుడి ఒక ధైర్యం, అంతే. నా ప్రశ్న వేరే. అదే వారంలో కాటు పడ్డ మనిషిని 108లో ఎక్కించారనుకోండి. లోపల కూర్చున్న ఈఎంటీ ఏ మందు ఇవ్వచ్చు, ఏది ముట్టుకోకూడదు? ఆ రూల్స్ ఎక్కడి నుంచి వచ్చాయి? ఈ కథ మొదలయ్యేది మన వైజాగ్‌లో, 200 ఏళ్లకి పైగా వెనక్కి వెళ్తే.

ప్యాట్రిక్ రస్సెల్ అని ఒక స్కాట్లండ్ డాక్టర్. అంతకు ముందు సిరియాలో అలెప్పోలో ప్లేగు రోగుల్ని చూసినవాడు. వాళ్ల తమ్ముడు క్లాడ్ ఈస్ట్ ఇండియా కంపెనీ తరఫున విశాఖపట్నంలో పని చేస్తుంటే, తోడుగా ఈయన కూడా 1781లో ఇండియా వచ్చాడు. 1785లో కంపెనీ ఈయన్ని నేచురలిస్టుగా పెట్టుకుంది. మొక్కలు, చేపలు, పాములు, అన్నీ రాసుకోవడమే పని. 1796లో కోరమాండల్ తీరం పాముల మీద పెద్ద బొమ్మల పుస్తకం వేశాడు.

ఆ పుస్తకంలో నాకు గూస్‌బంప్స్ తెప్పించిన విషయం పేర్లు. లాటిన్ పేర్లు తర్వాత వచ్చాయి. ఆయన రాసుకున్నవి ఇక్కడి జనం చెప్పిన పేర్లు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. ఒకటి "బంగారు పాము". కట్లపాముల జాతి మొత్తానికి సైన్స్ పెట్టిన పేరు బుంగారస్, అది మన బంగారమే. ఇంకొకటి "కాటుక రేకుల పొడ". ఒంటి మీద కాటుక రంగు అంచులతో రేకుల్లా మచ్చలున్న పాము. నాగుపాము తర్వాత అంత ప్రమాదం ఇదేనని రాశాడు. అదే మన రక్తపింజరి. ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని పిలిచేది రస్సెల్స్ వైపర్ అని. పేరు చెప్పినవాడి పేరు పోయింది, రాసుకున్నవాడి పేరు మిగిలింది. సర్లెండి, అది వేరే ఎపిసోడ్.

రస్సెల్ కోళ్ల మీద, కుక్కల మీద విషం టెస్ట్ చేశాడు. ఆ రోజుల్లో తంజావూరు మాత్ర అని పాము కాటుకి ఒక ఫేమస్ మందు ఉండేది, దాన్నీ పరీక్షించాడు. అందులో ముఖ్యమైన సరుకు ఏంటో తెలుసా? పాషాణం, అంటే ఆర్సెనిక్. విషానికి ఇంకో విషం అన్నమాట. పాము కరిచినా చాలాసార్లు విషం ఎక్కదు, పళ్లు దిగినా ఒక్కోసారి ఖాళీగానే దిగుతాయి. అలాంటి మనిషికి ఏ మాత్ర ఇచ్చినా, ఏ వేరు నూరి పోసినా, ఏ మంత్రం వేసినా బతుకుతాడు. క్రెడిట్ మాత్ర కొట్టేస్తుంది. మందు నిజంగా పని చేసిందా, లేకపోతే వాడు ఎలాగూ బతికేవాడా అన్న ప్రశ్న ఫార్మకాలజీలో మొదటి పాఠం.

అసలు మందు దొరకడానికి ఇంకో వందేళ్లు పట్టింది. 1891, ఇప్పటి వియత్నాం. మెకాంగ్ డెల్టాలో బాక్ లియూ అనే చోట వరదలొచ్చాయి. నీళ్లకి నాగుపాములు ఊళ్లోకి వచ్చేశాయి. 40 మందిని కరిస్తే నలుగురు పోయారు. ఎక్కడో విన్న సీన్‌లా లేదూ? డెల్టా, వరద, పాములు. సైగాన్‌లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్న ఆల్బర్ట్ కాల్మెట్ దగ్గరికి ఆ పాములు కొన్ని వచ్చాయి. అక్కడి నుంచి ఆయన పని మొదలైంది. ఫ్రాన్స్ వెళ్లాక, 1895 నాటికి గుర్రాలతో మందు తయారు చేశాడు. గుర్రానికి విషం కొద్ది కొద్దిగా, డోసు పెంచుకుంటూ ఎక్కిస్తే, దాని ఒంట్లో విషాన్ని పట్టేసే యాంటీబాడీలు పుడతాయి. గుర్రం రక్తం తీసి, అందులోంచి అవి వేరు చేస్తే అదే ఇంజక్షన్. పద్ధతిలో శుభ్రత పెరిగింది కానీ, ఈ రోజుకీ ప్రిన్సిపల్ అదే.

కాల్మెట్ ఒక చోట పప్పులో కాలేశాడు. నాగుపాము విషంతో చేసిన సీరం అన్ని పాములకీ పని చేస్తుందనుకున్నాడు. ఇండియాలో జార్జ్ ల్యాంబ్ అనే మిలిటరీ డాక్టర్ టెస్ట్ చేస్తే, రక్తపింజరికి అది పని చేయదని తేలింది. ఎందుకు చేస్తుంది? రెండూ వేరే వేరే ఆయుధాలు. నాగుపాము, కట్లపాము విషం నరాలకి, కండరాలకి మధ్య సిగ్నల్ కట్ చేస్తుంది. రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, తర్వాత ఊపిరి. రక్తపింజరి విషం మీద పడేది రక్తం మీద. గడ్డ కట్టించే ఫ్యాక్టర్లని ఒక్కసారిగా ఆన్ చేసేస్తుంది. ఒళ్లంతా చిన్న చిన్న గడ్డలు కట్టి, ఆ సరుకు మొత్తం ఖర్చైపోయి, ఇంక ఎక్కడ గాయమైనా రక్తం ఆగదు. తర్వాత కిడ్నీలు. 1934లో మాక్‌ఫార్లేన్ అనే ఇంగ్లీషు డాక్టర్ ఇదే విషాన్ని బాగా పల్చన చేసి, హీమోఫీలియా ఉన్నవాళ్లకి గాయం మీద రాసి రక్తం ఆపాడు. డోసు మారితే విషమే మందు.

హాస్పిటల్‌లో దీనికి చేసే టెస్ట్ చాలా చవక. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు ట్యూబులో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు పెడతారు. తర్వాత వంచి చూస్తారు. గడ్డ కట్టకుండా నీళ్లలా జారితే పింజరి విషం పని చేస్తోందని అర్థం. ట్యూబు ప్లాస్టిక్‌ది అయితే టెస్ట్ తప్పు చెప్తుంది, గాజు తగలాల్సిందే.

ఇప్పుడు బండి లోపలికి వద్దాం. 108 మొదలైంది 2005 ఆగస్టు 15న, హైదరాబాద్‌లో, ఈఎంఆర్‌ఐ పేరుతో. పెట్టింది సత్యం రామలింగరాజు. 2009లో సత్యం కథ తెలిసిందే, ఆ తర్వాత జీవీకే తీసుకుంది, ఇక్కడ ఆంధ్రాలో తర్వాత కూడా చేతులు మారింది. 2020 జూలై 1న మన బెంజ్ సర్కిల్‌లో వెయ్యికి పైగా 108, 104 బళ్లు వరసగా నిలబెట్టి జెండా ఊపింది మీలో చాలామంది డ్రోన్ షాట్స్‌లో చూసే ఉంటారు. బళ్ల లెక్క అందరూ చెప్తారు. నాకు ఎక్కువ నచ్చింది కంట్రోల్ రూమ్‌లో కూర్చునే డాక్టర్ అనే ఐడియా. ఈఎంటీ డాక్టర్ కాదు. తన ట్రైనింగ్‌లో ఉన్నవి సొంతంగా చేస్తాడు, అది దాటిన మందు కావాలంటే ఫోన్‌లో డాక్టర్‌తో మాట్లాడి, ఆయన చెప్పింది తిరిగి చెప్పి కన్‌ఫర్మ్ చేసి, రాసుకుని ఇస్తాడు. నేను కోడ్ రాసిన రోజుల్లో ప్రొడక్షన్‌లో ఏదైనా మార్చాలంటే ఇంకొకరు అప్రూవ్ చేయాల్సి వచ్చేది, అప్పుడు విసుగనిపించేది. ఇక్కడ రోల్‌బ్యాక్ ఉండదు. ఎక్కిన మందు ఎక్కినట్టే.

అందుకే ప్రతి ఈఎంటీకి ముందు నేర్పేవి ఐదు: సరైన మనిషి, సరైన మందు, సరైన డోసు, సరైన దారి, సరైన టైమ్. ఇందులో జనం పట్టించుకోనిది దారి. కండకా, నరానికా, చర్మం కిందకా? పింజరి కాటులో ఈ ఒక్క మాట మీద ప్రాణం ఉంటుంది. గడ్డ కట్టని రక్తం ఉన్న మనిషికి పిర్రకి సూది పొడిస్తే లోపల రక్తం కారి గడ్డలా వాస్తుంది. మరి మన ఊళ్లో జరిగేది ఏంటి? కాటు పడగానే దగ్గర్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తారు. ఆయన మంచివాడే, అర్ధరాత్రి లేపినా లేస్తాడు. కానీ నొప్పికి డైక్లోఫెనాక్ కండకి చేస్తాడు. అది రెండు తప్పులు: సూది కండకి, పైగా ఆ మందే రక్తం గడ్డకట్టే ప్లేట్‌లెట్లని ఇంకా బలహీనం చేస్తుంది. నొప్పికి పారాసిటమాల్ చాలు. పాము ఇంజక్షన్ కూడా కండకి చేసేది కాదు, నరానికే, సెలైన్‌లో కలిపి, సుమారు గంట సేపు ఎక్కించాలి. మామూలుగా మొదటి డోసు 8 నుంచి 10 వయల్స్. పిల్లలకీ అంతే, తగ్గించరు. పిల్లాడని చూసి పాము విషం తగ్గించదు కదా.

"మరి ఆ వయల్స్ 108లోనే పెట్టేయచ్చు కదా?" ఈ ప్రశ్న నాకూ వచ్చింది. దీనికి జవాబు మళ్లీ గుర్రం దగ్గరే ఉంది. అది మన ఒంటికి పరాయి ప్రోటీన్. కొంతమందికి ఎక్కిన నిమిషాల్లో దద్దుర్లు, వణుకు, వాంతి, గొంతు వాపు, బీపీ పడిపోవడం. ఈ రియాక్షన్‌కి అనాఫిలాక్సిస్ అని 1902లో పేరు పెట్టినవాడు షార్ల్ రిషే, దానికి 1913లో నోబెల్ వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1901లో, జపాన్ నుంచి అమెరికా వెళ్లిన తకమినే జోకిచి అడ్రినలిన్‌ని శుద్ధంగా వేరు చేసినట్టు ప్రకటించాడు. రోగం పేరు, దాని మందు ఏడాది తేడాలో వచ్చాయి. ఏఎస్‌వీ ఎక్కించే ముందు అడ్రినలిన్ సిరంజిలో లోడ్ చేసి పక్కన పెట్టుకోవాలి, రూల్ అది. రియాక్షన్ వస్తే డ్రిప్ ఆపి, పెద్దవాళ్లకి 0.5 మిల్లీగ్రామ్, తొడ బయటి వైపు కండకి. "ఇప్పుడే కదా కండకి వద్దన్నావ్" అంటారా? కరెక్టే, ఇది మినహాయింపు. ఊపిరి ఆగిపోతుంటే ఆ చిన్న సూది రిస్కు తీసుకుంటారు. అడ్రినలిన్‌లోనూ ఉచ్చు ఉంది. కండకి ఇచ్చేది వెయ్యికి ఒకటి బలం. గుండె ఆగినప్పుడు నరానికి ఇచ్చేది పది వేలకి ఒకటి. అది చూసుకోకుండా బలమైనది నరానికి తోసేస్తే గుండె లయ తప్పుతుంది. అంపూల్ మీద లేబుల్ గట్టిగా చదవమని చెప్పేది ఇందుకే.

ఇంకా ఏఎస్‌వీ చాలావరకు పొడి రూపంలో వస్తుంది, ఒక్కో వయల్‌నీ కలపాలి. ఊపితే నురగ వస్తుంది, మెల్లగా తిప్పాలి. గుంతల రోడ్డు మీద పది వయల్స్ అలా కలుపుతూ కూర్చునే బదులు బండి తొక్కించి హాస్పిటల్‌కి చేర్చడమే మేలు. ఆ దారిలో ఈఎంటీ చేసేది చిన్నదిగా కనపడుతుంది: కాటు పడ్డ కాలు కదలకుండా బద్ద కట్టడం, ఉంగరాలు, గొలుసులు తీసేయడం, బిగించి కట్టిన తాడు ఉంటే డాక్టర్‌ని అడిగి జాగ్రత్తగా వదలడం, అవసరమైతే ఆక్సిజన్, ఐవీ లైన్, ఊపిరి మీద కన్ను. కట్లపాము కేసులో బ్యాగ్ పట్టుకుని ఊపిరి కొట్టడమే ప్రాణం నిలబెట్టేది. ఇంకోటి, ముందే ఫోన్ చేసి హాస్పిటల్‌ని రెడీగా ఉంచడం.

నా ఒపీనియన్ చెప్పాలంటే, గొలుసులో తెగేది బండి దగ్గర కాదు, బండి ఆగిన చోట. రూల్ ప్రకారం పీహెచ్‌సీలో కూడా ఏఎస్‌వీ మొదలుపెట్టచ్చు. కానీ రియాక్షన్ వస్తే ఏంటన్న భయంతో "బెజవాడ తీసుకెళ్లండి" అని రాసిచ్చే అలవాటు ఉంది. అవనిగడ్డ నుంచి బెజవాడ 60 కిలోమీటర్ల పైనే. ఆ గంటన్నరలో విషం ఖాళీగా కూర్చోదు. మందు ఉంది, అడ్రినలిన్ పక్కనే ఉంది, లేనిది ఆ రెండూ వాడిన అనుభవం.

లెక్క ఎంత అంటారా? 2020లో వచ్చిన ఒక పెద్ద స్టడీ ప్రకారం 2000 నుంచి 2019 దాకా ఇండియాలో పాము కాటుతో పోయినవాళ్లు సుమారు 12 లక్షలు, అంటే ఏడాదికి దాదాపు 58,000. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. 2030 కల్లా చావులు సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో ప్లాన్ పెట్టింది.

ఇంకొక్కటి. మన ఏఎస్‌వీకి వాడే విషం ఎక్కువ భాగం తమిళనాడులో ఇరుళ తెగ వాళ్లు 1978లో పెట్టుకున్న సొసైటీ నుంచి వస్తుంది. వాళ్లు పట్టేది అక్కడి పాములు. అదే పింజరి అయినా ప్రాంతాన్ని బట్టి విషం కొంచెం మారుతుందని రీసెర్చర్లు చూపిస్తున్నారు. మందు తయారు చేసే కంపెనీల్లో మన హైదరాబాద్‌ది కూడా ఉంది, విన్స్ బయోప్రొడక్ట్స్. గుర్రం ఇక్కడ, విషం అక్కడ. రస్సెల్ బొమ్మ గీయించిన కాటుక రేకుల పొడ మాత్రం ఈ తీరంలోదే.

కట్లపాము కథ నెక్స్ట్ ఎపిసోడ్‌లో. రాత్రి నిద్రలో కరుస్తుంది, పంటి గుర్తు కూడా సరిగ్గా కనపడదు, దానికి వేరే లెక్కలున్నాయి. ఉంటానండి.