పాడి ఆవులకు ప్రత్యామ్నాయ మాంసకృత్తుల దాణా: చరిత్ర

సోయా చెక్క, చేపపిండి వంటి ఖరీదైన దాణా దినుసులకు బదులుగా పాడి పశువులకు పెట్టే మాంసకృత్తుల మేతలివి. ఆవ జాతి గింజల చెక్క, పత్తి చెక్క, యూరియా, సుబాబుల్ ఆకు ఇందులో ముఖ్యమైనవి. వీటి విలువ తేల్చేది పాల కొలత ఒక్కటే కాదు, ఈనిన ఆవు సకాలంలో మళ్లీ చూడి కట్టడం కూడా.

తెలుగు పల్లెల్లో పత్తిగింజలను రాత్రి నానబెట్టి, పొద్దున్నే రోట్లో రుబ్బి, తవుడుతో కలిపి పితికే ముందు పెట్టేవారు. పత్తిగింజలోని గాసిపాల్ విషాన్ని నెమరువేసే పశువు పెద్దపొట్ట చాలావరకు అణచివేస్తుంది. ఆ పొట్ట ఇంకా తయారుకాని లేగలకు మాత్రం అది ప్రమాదం. మోతాదు మించితే ఆబోతుల వీర్యమూ దెబ్బతింటుంది.

పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు మాంసకృత్తులు కాని నత్రజనిని కూడా వాడుకోగలవని జర్మన్ శాస్త్రవేత్త జుంట్జ్ 1891లో సూచించాడు. ఫిన్లాండ్‌లో నోబెల్ గ్రహీత విర్తానెన్ ఆ ఆలోచనను చివరిదాకా తీసుకెళ్లాడు. నత్రజని కోసం యూరియా, అమ్మోనియం లవణాలు మాత్రమే ఇచ్చిన ఆవులు ఏడాదికి 4,000 కిలోలకు పైగా పాలిచ్చాయని ఆయన 1966లో ప్రకటించాడు.

పెరూ తీరంలో చేపల వేట కుప్పకూలడం, 1973లో అమెరికా సోయా ఎగుమతులను కొంతకాలం ఆపేయడం దిగుమతి దేశాలను కలవరపెట్టాయి. ఆ మరుసటి ఏడాదే కెనడాలో శాస్త్రవేత్త స్టెఫాన్సన్ విడుదల చేసిన ‘టవర్’ రకం, ఆవ జాతి గింజల చెక్కను దాణాగా వాడేందుకు దారి తెరిచింది. థైరాయిడ్‌ను దెబ్బతీసే గ్లూకోసినోలేట్లు అందులో బాగా తక్కువ. చౌక మాంసకృత్తుల వేటలో బ్రిటన్ మాత్రం భారీ మూల్యం చెల్లించింది. పశు కళేబరాల మాంసం, ఎముకల పిండి పశువులకే మేపడంతో పిచ్చి ఆవు వ్యాధి వ్యాపించింది. 1986లో రోగం బయటపడగా, 1988లో ఆ మేతను నిషేధించారు.

సుబాబుల్ కథ ఇంతకంటే ఆశాజనకం. ఆకులోని మైమోసిన్ వల్ల ఆస్ట్రేలియాలో పశువుల వెంట్రుకలు రాలేవి, గొంతు వాచేది. హవాయి మేకలకు అదే ఆకు ఏ హానీ చేయకపోవడం శాస్త్రవేత్త రేమండ్ జోన్స్ గమనించాడు. వాటి పొట్టలో విషాన్ని విరిచే బాక్టీరియా ఉన్నట్టు తేలింది. 1980లలో దాన్ని తెచ్చి ఆస్ట్రేలియా పశువుల పొట్టలోకి ఎక్కించారు. దానికి సినర్జిస్టిస్ జోన్సీ అని ఆయన పేరే పెట్టారు.

మాంసకృత్తులు ఎక్కువైనా చిక్కే. పొట్టలో త్వరగా కరిగేవి అమ్మోనియా అవుతాయి, కాలేయం దాన్ని యూరియాగా మారుస్తుంది. రక్తంలో యూరియా పెరిగితే గర్భాశయ వాతావరణం మారి పిండం నిలవడం కష్టమవుతుంది. పాలలో యూరియా నత్రజని డెసిలీటరుకు 19 మిల్లీగ్రాములు దాటితే చూడి నిలవడం తగ్గుతుందని కార్నెల్ విశ్వవిద్యాలయంలో బట్లర్ బృందం 1996లో చూపింది. ఈనిన తొలి నెలల్లో ఆవు తినేదానికంటే పాలకు ఖర్చుపెట్టే శక్తే ఎక్కువ. అప్పుడు చెక్క పెంచి మొక్కజొన్న వంటి పిండిపదార్థం తగ్గించడం తప్పు. ఆవు చూడి నిలవక మళ్లీ మళ్లీ ఎదకు వస్తుంటే ఇంజెక్షన్ల కంటే ముందు దాణా తొట్టిని చూడాలి.

మాంసకృత్తులు పొట్టలో త్వరగా కరిగే చిక్కుకు ఒక విరుగుడుంది. చెక్కను ఫార్మాల్డిహైడ్‌తో శుద్ధిచేస్తే మాంసకృత్తులు పెద్దపొట్టలో తక్కువగా కరిగి, చిన్నపేగులో జీర్ణమవుతాయి. 1960లలో ఆస్ట్రేలియాలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిని భారతదేశంలో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ‘బైపాస్ ప్రోటీన్’ దాణాగా ప్రచారంలోకి తెచ్చింది.